టాంకీ మూతకు ఉన్న చిల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మూత లేని పాత్ర ఒక్కటి కూడా ఉండేది కాదు. నీళ్ల కాగుకు మూత, మజ్జిగ ముంతకు మూత, ఆఖరికి కోళ్లకు నీళ్లు పోసే మట్టి మూకుడు మీద కూడా సగం పెంకు కప్పి ఉండేది. మా జేజి, అంటే మా నాయన తల్లి, రోజుకు పదిసార్లు ఇల్లంతా తిరిగి మూతలు చూసుకునేది. కదిరి ఎండ అలాంటిది. రాత్రి నింపిన తొట్టి ఎవరూ ముంచకుండానే మర్నాడు మధ్యాహ్నానికి తగ్గిపోయేది. ఎండ తాగిపోయిందని మా జేజి దాన్ని మనిషిని తిట్టినట్టు తిట్టేది. ఏ కుండకైనా వెంట్రుకంత పగులు కనిపిస్తే మైనం మెత్తగా పిసికి అద్దేది. కారిపోయేదాన్నీ, ఆరిపోయేదాన్నీ ఆపడం మా ఇంట్లో ఆడపిల్లలకు మొదట నేర్పే పని. నేను ఆ పని బాగానే నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, దాంతోనే ఒకసారి మా నాయన కొంప ముంచబోయాను.

మా నాయన పశువుల డాక్టరు. ఊళ్లో అందరూ గొడ్ల డాక్టరు అనేవారు, ఆయనకూ ఆ మాటే ఇష్టం. కొండల మధ్య పల్లెలకు అప్పట్లో బస్సులు లేవు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు అమ్మేసిన పాత ఇంగ్లీషు మోటారు సైకిలు ఒకటి మూడు చేతులు మారి మా నాయన చేతికి వచ్చింది. దాని వయసు నా వయసు కంటే ఎక్కువ. టాంకీ మీద ఆకుపచ్చ రంగు లేచిపోయి, కింద ఇంకో రంగు, దాని కింద మరో రంగు కనబడేవి. అది వీధి మొగదల్లో ఉండగానే ఇంట్లో గిన్నెలు అదిరేవి. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని మా జేజి కొడుకును ఎగతాళి చేసేది. కానీ ఆయన బండి ఎక్కి పోతుంటే మాత్రం గడప దాటి నిలబడి, మలుపు తిరిగేదాకా చూసేది.

పెట్రోలు అడిగిన వెంటనే దొరికే వస్తువు కాదు. బస్సు డ్రైవరు చేతికి ఖాళీ డబ్బా ఇచ్చి పంపితే, మా అదృష్టం బాగుంటే రెండు రోజులకు నిండి వచ్చేది. డబ్బా వచ్చిన రోజు మా నాయన గుడ్డలో వడగట్టి, చుక్క కింద పడకుండా టాంకీ నింపి, మూత గట్టిగా బిగించేవాడు. ఆ రోజూ అలాగే నింపి, భోంచేసి పడుకున్నాడు. వేపచెట్టు నీడ జరిగిపోయి బండి ఎండలో మిగిలింది. నేను అటుగా పోతుంటే పెట్రోలు వాసన గుప్పుమంది. ఎక్కడి నుంచా అని ముక్కు పెట్టి వెతికాను. టాంకీ మూత నడిమధ్యన సూది మొన పట్టేంత చిల్లు ఒకటి కనిపించింది. అయ్యో, ఎండ మా నాయన పెట్రోలును కూడా తాగిపోతోందే అనుకున్నాను.

ఇంట్లోకి పోయి మా అమ్మ బొట్టుపెట్టె తెరిచాను. ఇప్పటిలా అంటించుకునే బొట్లు అప్పుడు లేవు. నుదుట ముందు మైనం రాసుకుని, దాని మీద కుంకుమ అద్దుకునేవాళ్లం. చిటికెడు మైనం గిల్లి, వేళ్ల మధ్య పిసికి, ఆ చిల్లులోకి ఒత్తి, బొటనవేలితో చదును చేశాను. పైన కాస్త మట్టి రుద్దితే అక్కడ చిల్లు ఉండేదని ఎవరూ చెప్పలేరు. వాసన ఆగిపోయింది. ఎంత గర్వపడ్డానో ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది. వారం తర్వాత మా నాయన టాంకీలోకి చూసి, ఈసారి పెట్రోలు ఇంత మిగిలిందేమిటని ఆశ్చర్యపోవాలి, అప్పుడు చెప్పాలి. అందుకని ఎవరితోనూ అనలేదు.

ఆ యేడు వాన ఆలస్యంగా వచ్చింది. మృగశిర కార్తె దాటిపోతుండగా ఒకే ఒక్క మంచి వాన పడింది. మా వైపు శెనిక్కాయ విత్తాలంటే ఆ తడి ఆరేలోపల గొర్రు కట్టాలి, గొర్రు లాగడానికి ఎద్దులుండాలి. సరిగ్గా అప్పుడే కొండల అవతల ఒక పల్లెలో గొడ్లకు పెద్దరోగం తగిలింది. నోట్లో పుండ్లు లేచి, మేత మానేసి, పారుకుని పారుకుని కొద్ది రోజుల్లోనే పడిపోయే జబ్బు అది. పడిపోయిన గొడ్డును మా నాయన కూడా లేపలేడు. ఇంకా జబ్బు తగలని వాటికి ముందే టీకా వేస్తే బతుకుతాయి. ఆ మందు రైల్లో వస్తుంది, ఊకలో పెట్టిన మంచుగడ్డల మధ్య. మంచు కరిగిపోతే ఆ మందు వేసినా ఒకటే, వేయకున్నా ఒకటే అని మా నాయన మా అమ్మతో చెబుతుంటే విన్నాను.

నేను మైనం పెట్టిన మర్నాడు పొద్దున్నే ఆ పెట్టె వచ్చింది. మా నాయన దాన్ని గోనెపట్టలో చుట్టి, గోనెను తడిపి, బండి వెనక తాళ్లతో కట్టుకుని, రాగిసంగటి రెండు ముద్దలు నోట్లో వేసుకుని బయలుదేరాడు. పన్నెండు మైళ్ల దారి. రెండు గంటలు తిరక్కముందే వెనక్కి వచ్చాడు, బండి ఎక్కి కాదు, బండిని తోసుకుంటూ. చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. కిక్కులు కొట్టి కొట్టి కుడికాలు వణుకుతోంది.

మూడు మైళ్లు గుర్రంలా పోయిన బండి ఉన్నట్టుండి దగ్గి దగ్గి ఆగిపోయిందట. పెట్రోలు కారిపోయిందేమోనని మూత తీసి చూశాడు. నిండా ఉంది. మూత పెట్టి కిక్కు కొడితే లేచింది. ఇంకో మైలు పోయి మళ్లీ ఆగింది. మళ్లీ చూశాడు, మళ్లీ లేచింది. ముందంతా కొండ దారి, మనిషి కనబడని చోటు. అక్కడ ఆగిపోతే పెట్టె ఎండలో మాడుతుందని వెనక్కి తిప్పాడు. ఊరు రెండు మైళ్లుందనగా మూడోసారి ఆగింది. ఇంక పెట్రోలు చూసేదేముంది, నిండుగా ఉందని తెలుసు కదా అని నేరుగా కిక్కులు కొట్టాడు. ఎన్ని కొట్టినా లేవలేదు.

ఎద్దుల బండి మాట్లాడుకుని పోకూడదా అని మా అమ్మ అడిగింది. పెద్దరోగం ఉన్న పల్లెకు తన ఎద్దులను తోలే రైతు ఎక్కడైనా ఉంటాడా? ఉన్నా సాయంత్రానికి గానీ చేరవు, మంచు అంతదాకా ఆగదు అన్నాడు మా నాయన. మా జేజి పెట్టెను ఇంట్లోకెల్లా చల్లని మూలకు, నీళ్ల కాగుల మధ్యకు జరిపించింది. తాగే నీళ్లలోంచి రెండు చెంబులు ముంచి గోనె మీద పోసింది. తాగే నీళ్లు అలా పారబోయడం ఆమె జన్మలో చేయని పని. అది చూశాక నాకు భయం పట్టుకుంది.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల సాయిబు తాత ఉండేవాడు. మిలిటరీలో లారీలు తోలి, వాటిని బాగుచేసి, యుద్ధంలో ఎక్కడెక్కడి దేశాలో తిరిగి వచ్చిన మనిషి. అప్పటికి బావుల దగ్గర ఆయిలింజన్లు, పెండ్లిళ్లకు పోయే పెట్రోమాక్స్ లైట్లు బాగుచేసేవాడు. ఫిరంగుల మోతకు చెవులు సగం పోయాయి. ఇంజను శబ్దం వినాల్సి వస్తే నన్ను పిలిచి, ఎట్ల పాడతాండాదో చెప్పు అనేవాడు. నాకది పెద్ద ఉద్యోగం. కోపం మాత్రం ముక్కు మీద ఉండేది. ఎవరైనా తొందరపెడితే పానా కింద పడేసి ఇంటికి పోయిన సందర్భాలు ఉన్నాయి.

కబురు పోయిన వెంటనే ఆయన సంచితో వచ్చి బండి ముందు గొంతుకూర్చున్నాడు. సంచి విప్పలేదు.

"డాక్టరు సారూ, మొన్నంతా బాగ తిరిగినాది గదా. మొన్నటికీ ఈ పొద్దుకూ ఏం మారినాది?"

"ఏం మార్లేదు మామా. నిన్న పెట్రోలు పోసినా, అంతే."

"ఎవురన్నా ఏమన్నా ముట్టినారా?"

మా నాయన లేదన్నాడు. మా అమ్మ లేదంది. ఆ దయ్యాన్ని నేనెందుకు ముట్టుకుంటానని మా జేజి కసిరింది. "అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం" అని గొణుక్కుంటూ సాయిబు తాత సంచి విప్పాడు. నన్నెవరూ అడగలేదు. అడిగినా ఏం చెప్పేదాన్నో తెలియదు. నేను చేసింది బండిని ముట్టడం కిందికి వస్తుందని నాకు తోచలేదు. పోయే పెట్రోలును ఆపాను, అది మంచి పని. మంచి పని వల్ల బండి ఎందుకు ఆగుతుంది? అలా నాకు నేనే చెప్పుకున్నాను.

ఆయన పని చేసిన తీరు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. గోనెపట్ట ఒకటి పరిచి, విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరుసలోనే ఎడమ నుంచి కుడికి పేర్చాడు. ఒకటి బాగుందని తేలాకే రెండోదాన్ని ముట్టాడు. ముందు ప్లగ్గు విప్పి, ఇంజనుకు ఆనించి పట్టుకుని, మా నాయనను కిక్కు కొట్టమన్నాడు. నీలంగా నిప్పు చిటుక్కుమంది. నిప్పుకు లోటు లేదు. ప్లగ్గు మొనను వేలితో రుద్ది చూపించాడు, తడి అన్నది లేదు. అంటే ఇంజనుకు పెట్రోలు అందడం లేదు. టాంకీ మూత తీసి లోపలికి చూశాడు, నిండా ఉంది. మూత పెట్టేసి, కింద గొట్టం ఊడదీసి కుళాయి తిప్పాడు. పెట్రోలు ధారగా చెంబులో పడింది. "ఇంగ మిగిలింది ఇదే" అని కార్బొరేటరు మీద చేయి వేశాడు.

కార్బొరేటరు అంటే అరచేతిలో పట్టే లోహపు గిన్నె. టాంకీలోంచి దిగిన పెట్రోలు అక్కడ కాసేపు ఆగి, గాలితో కలిసి ఇంజనులోకి పోతుంది. గిన్నెలో ఇత్తడి బుడ్డి ఒకటి తేలుతుంటుంది. గిన్నె నిండితే అది పైకి లేచి దారి మూస్తుంది, తగ్గితే కిందికి దిగి దారి ఇస్తుంది. బుడ్డికి చిల్లు పడి లోపల పెట్రోలు చేరితే ఆ తంతు అంతా చెడుతుంది. అందుకని దాన్ని నా చెవి దగ్గర ఊపి, లోపల చప్పుడవుతోందా అని అడిగాడు. లేదన్నాను. గిన్నె అడుగున చిటికెడు ఎర్రమన్ను ఉంటే తుడిచాడు. పెట్రోలు చిమ్మే సన్నటి రంధ్రాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి నన్ను చూడమన్నాడు. గుండ్రంగా, శుభ్రంగా ఉంది. మా నాయన తొందరపడి ఇనుప తీగతో దాన్ని పొడవబోతే చేయి మీద కొట్టినంత పని చేశాడు. తీగ పెడితే రంధ్రం పెద్దదై బండి జన్మలో బాగుపడదట. నోటితో ఊదాడు, అంతే.

అన్నీ మళ్లీ వరుసగా బిగించి కిక్కు కొడితే బండి ఒక్క దెబ్బకు లేచింది. మా అమ్మ దేవుడికి దండం పెట్టింది. మా నాయన పెట్టె కోసం లోపలికి పరుగెత్తాడు. సాయిబు తాత చేయి చాచి ఇంజను ఆపేశాడు.

"యాడికి సారూ పోయేది? నాకు తప్పు దొరకలేదు."

"లేసినాది గదా మామా. ఆ మన్నే అడ్డం పడినట్టుండాది."

"మన్నే అయితే ఆగి ఆగి మల్లా ఎట్ల లేసినాది? తప్పు దొరక్కుండా బాగయిన బండిని నమ్మగూడదు. ఏం జబ్బో తెలీకుండా, లేసి నిలబడిందని గొడ్డును మందలోకి తోలేస్తావా నువ్వు?"

ఎండ నడినెత్తికి వస్తోంది. గోనె కింది నుంచి గచ్చు మీద నీళ్లు పారుతున్నాయి. అందులో మా జేజి పోసిన నీళ్లెన్నో, మంచు కరిగిన నీళ్లెన్నో ఎవరికీ తెలియదు. అయినా ముసలాయన పట్టు విడవలేదు. నిలబెట్టి ఉన్నప్పుడు అన్ని బండ్లూ మంచివేనని, ఆగిన చోటుదాకా ఖాళీగా తోలి చూసి వస్తానని అన్నాడు. నా వైపు తిరిగి, "ఎక్కు పాపా, నాకు చెవులు గావాల" అన్నాడు.

నేను ఆయన నడుము పట్టుకుని వెనక కూర్చున్నాను. దారికి రెండు వైపులా ఎర్రచేలల్లో గొర్రులు కదులుతున్నాయి. ఆడవాళ్లు ఎద్దుల వెనకే నడుస్తూ విత్తనం వదులుతున్నారు. ఎవరూ తల ఎత్తి మా వైపు చూడలేదు, అంత తొందరలో ఉన్నారు. కొండల అవతల పల్లెలో కూడా వాన ఇదే వాన, తడి ఇదే తడి. అక్కడ గొర్రు కట్టడానికి రేపటికి ఎన్ని జతలు నిలబడతాయో మా ఇంటి గచ్చు మీద కరుగుతున్న పెట్టెను బట్టి ఉంది. నాకు అప్పటికి తొమ్మిదేళ్లో పదేళ్లో. అయినా ఆ సంగతి పూర్తిగా అర్థమైంది.

ఎండిపోయిన వంక ఒకటి దాటి గట్టు ఎక్కగానే బండి దగ్గింది. మళ్లీ దగ్గి ఆగిపోయింది. సాయిబు తాత మొహంలో సంతోషం కనిపించింది. దొంగ దొరికినవాడికి ఉండే సంతోషం.

"దేన్నీ ముట్టొద్దు. ఒకటి మారిస్తే ఒకటే మార్చల్ల" అన్నాడు. కార్బొరేటరు గిన్నె మీద ఒక చిన్న బొడిపె ఉంటుంది. నొక్కితే పెట్రోలు పైకి పొంగాలి. నొక్కాడు. పొంగలేదు. గిన్నె ఖాళీ. పైన టాంకీ నిండుగా ఉంది, మధ్యలో కుళాయి తెరిచే ఉంది, అయినా కింద గిన్నెలో చుక్క లేదు. ఆయన చాలాసేపు టాంకీనే చూస్తూ నిలబడ్డాడు.

"మూడోతూరి ఆగినప్పుడు మీ నాయన మూత తీసి చూసినాడా పాపా?"

"లేదు తాతా. నిండా ఉండాదని తెల్సు గదా, ఇంగేం చూసేదని అనుకున్న్యాడంట."

చెప్పిన మరుక్షణం నాకు వెలిగింది. మూత తీసిన రెండుసార్లూ బండి లేచింది. తీయనప్పుడు లేవలేదు. ఆయనకూ అదే తట్టింది. నన్ను దగ్గరికి లాగి, నా చెవిని టాంకీ మూతకు ఆనించి, మూతను మెల్లగా తిప్పాడు. స్స్‌మని ఒక పొడవైన చప్పుడు వినిపించింది. బయటికి వచ్చే గాలి కాదు, లోపలికి పోయే గాలి. నా చెవి పక్కన వెంట్రుకలు మూత వైపుకు కదిలాయి. చాలాసేపు నీళ్లలో మునిగి పైకి తేలినవాడు ఊపిరి పీల్చుకున్నట్టు ఉంది. ఆయన ఇంకో చేత్తో బొడిపె నొక్కాడు. పెట్రోలు పొంగి ఇంజను మీదుగా కారింది.

"ఏం ఇనపడినాది?"

"గాలి పీల్చినాది తాతా."

"మీ జేజి నూనె డబ్బాకు ఎన్ని చిల్లులు పొడుస్తాది?"

"రెండు."

"ఒగటి నూనెకు. రెండోది ఎందుకు?"

రెండోది లేకుంటే నూనె రాదు. గాలి లోపలికి పోతేనే నూనె బయటికి వస్తుంది. ఆ సంగతి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. మా జేజి డబ్బాకు రెండు చిల్లులు పొడవడం వందసార్లు చూశాను. అయినా బండి మూతను చూసినప్పుడు నాకు ఆ డబ్బా గుర్తు రాలేదు, ఎండ ఒక్కటే గుర్తొచ్చింది.

సాయిబు తాత మూతను ఎండకు తిప్పి చూశాడు. గట్టు మీది తుమ్మచెట్టు నుంచి ముల్లు ఒకటి విరిచి, మట్టి గీకి, చిల్లులో గుచ్చి లాగాడు. ముల్లు కొనకు గసగసాలంత మైనం ముక్క వచ్చింది. వేళ్ల మధ్య నలిపి కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. అందులో ఎర్రగా ఒక చార ఉంది. కుంకుమ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేయి నాకు తెలియకుండానే నుదుటి మీదికి పోయింది. ఆయన నా వైపు చూశాడు, నా చేయి వైపు చూశాడు.

కోపం ముక్కు మీద ఉండే మనిషి కదా, ఇప్పుడు నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన ఒక్క మాట కూడా కేకలు వేయలేదు. ఆ మైనం ముక్కను నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"మీ నాయన ఏం దొరికినాదని అడుగుతాడు. చిల్లు మూసుకోని ఉండె అని చెప్తా. అది నా దగ్గరుండే సగం. ఇంగో సగం నీ దగ్గరుండాది. అది నేను చెప్పేది గాదు."

తిరిగి వచ్చేటప్పుడు బండి ఎక్కడా ఆగలేదు. నేను ఒక చేత్తో ఆయన్ను, ఇంకో పిడికిట్లో మైనాన్ని పట్టుకుని కూర్చున్నాను. నాకు ఏడుపు వచ్చింది. గాలికి కన్నీళ్లు ఆరిపోయాయి గనక ఆయనకు తెలియలేదు.

మా నాయన వీధిలోనే నిలబడి ఉన్నాడు. సాయిబు తాత బండి దిగి, నేను ఊహించని మాట ఒకటి చెప్పాడు. "మూతకు గాలి చిల్లు మూసుకోని ఉండె సారూ. పొద్దున మూత తీసినోన్ని నేనే. పెట్రోలు చూసినా గానీ మూతను చూళ్లేదు. అది గాలి పీల్చింటాది, నా చెవుడుకు ఇనపల్లేదు. నీకు పోయిన పొద్దు నా లెక్కలో ఏసుకో." అంత పొగరుబోతు మనిషి తన తప్పును నీళ్లు తాగినంత సులువుగా చెప్పేసి, చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాడు.

మా నాయన ఊపిరి పీల్చుకున్నాడు. ఈ పాడు దుమ్మే చిల్లులో పడి ఉంటుందని, కొండ దారిలో ఇంకా ఎక్కువ పడుతుందని అంటూ తన మందుల సంచిలోంచి రబ్బరు గుడ్డ ముక్క కత్తిరించాడు. మంచు కరిగేలోపల పోవాలన్న తొందరలో, దుమ్ము పడకుండా టాంకీ మూత మీద కప్పి, దారంతో గట్టిగా చుట్టడం మొదలుపెట్టాడు. పెట్టె అప్పటికే బండి వెనక కట్టి ఉంది.

నేను ఆ రబ్బరు గుడ్డనే చూస్తున్నాను. అది మైనం కంటే గట్టిగా మూస్తుంది. అది కట్టుకుని పోతే కొండ దారి మధ్యలో బండి తప్పకుండా ఆగుతుంది. సాయిబు తాత వీపు మా వైపు తిప్పి నిదానంగా చేతులు కడుక్కుంటున్నాడు. ఆయనకు ఆ గుడ్డ కనబడిందో లేదో, నేను చెప్పకుంటే తానే చెప్పేవాడో ఏమో, నాకు ఈనాటికీ తెలియదు. ఆయన బతికి ఉండగా అడగడానికి ధైర్యం చాలలేదు. అప్పటికి మాత్రం ఆ వీధిలో ఆ సంగతి తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే అనిపించింది.

"దుమ్ము కాదు నాయనా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నేను మైనం పెట్టినా. గుడ్డ కట్టొద్దు, కడితే మల్లా ఆగిపోతాది."

మా నాయన చేతులు ఆగాయి. పిడికిలి విప్పి చూపించాను.

"ఎందుకు పెట్టినావు?"

"పెట్రోలు ఎండకు ఆరిపోతాందని."

మా జేజి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా అమ్మ చేయి ఎత్తింది. మా నాయన ఆమెను ఆపలేదు, నన్ను తిట్టనూ లేదు. నా మొహం వైపు ఒక్కసారి చూసి, దారం తెంపి, రబ్బరు గుడ్డను సంచిలో కుక్కి, కిక్కు కొట్టి వెళ్లిపోయాడు. ఆ చప్పుడు మలుపు తిరిగి, చేల మీదుగా సన్నబడి, వినబడకుండా పోయేదాకా మేమందరం వీధిలోనే నిలబడ్డాం. సాయిబు తాత నన్ను అడిగాడు, ఇంకా వినబడుతోందా అని. వినబడకపోయినా వినబడుతోందనే చెప్పాను. మా అమ్మ దెబ్బ ఆ తర్వాత పడింది. దానికి నాకు బాధ కలగలేదు.

మా నాయన మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. మొహమంతా ఎర్రదుమ్ము, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. కాళ్లు కడుక్కుని నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బండి ఎక్కడా ఆగలేదన్నాడు. పెట్టె తెరిచేసరికి మంచు నిమ్మకాయంత మిగిలి ఉందట. మందు చెడలేదు. నిలబడి ఉన్న గొడ్లన్నిటికీ, చీకటి పడేదాకా కొన్ని, తెల్లవారాక కొన్ని, టీకాలు వేసి వచ్చాడు. ఒక ముసలి రైతు జతకు మాత్రం వేయలేకపోయాడట. అవి పొద్దున్న మేత మేసినవే, మా నాయన పోయేసరికి ఒళ్లు కాలిపోతూ నిలబడలేక నిలబడి ఉన్నాయి.

"నేను పొద్దున్నే చెప్పింటే అవి బతికేవా నాయనా?"

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "చెప్పలేనమ్మా. జబ్బు అప్పటికే లోపలుండొచ్చు. లేకపోనూవచ్చు" అన్నాడు. మళ్లీ తానే, "గుడ్డ కట్టుకోని పోయుంటే మాత్రం ఒక్కటి గూడా నిలబడేది గాదు" అన్నాడు. నా తల మీద చేయి పెట్టి లేచి పోయాడు. ఆ రెండు మాటలూ నేను కలిపే దాచుకున్నాను. ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని ఉంచుకోవడం నాకు చేతకాలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో అదొక సామెత అయిపోయింది. ఏ కుండకు మూత పెడుతున్నా మా జేజి నన్ను పిలిచి, దీనికి గాలి కావాలా వద్దా డాక్టరమ్మా అని అడిగేది. నేను డాక్టరును కాలేదు గానీ, సర్కారు ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఫలితం తేడాగా వచ్చినప్పుడల్లా చేతికింద పిల్లలు మిషను మీదికో, మందు సీసా మీదికో నెట్టేవాళ్లు. అన్నీ ఒకేసారి విప్పబోయేవాళ్లు. నేను బల్ల మీద గుడ్డ పరిపించి, ఒక్కొక్కటే చూద్దాం, నిన్నటికీ ఈ రోజుకూ ఏం మారిందో చెప్పండి అనేదాన్ని. ఏమీ మారలేదనేవాళ్లు, అందరూ శాకాహారులే కదా. అప్పుడు ముందు నేనే మొదలుపెట్టేదాన్ని, నిన్న సాయంత్రం నేను ఏమేం ముట్టానో వరుసగా చెప్పేదాన్ని. నేను చెప్పాక వాళ్లకూ ఒక్కొక్కటే గుర్తొచ్చేది. తప్పు చెప్పుకోవడానికి పెద్దవాళ్లు ముందు నడిస్తే పిల్లలు వెనక వస్తారని తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్న ఆ ముసలాయన దగ్గరే నేర్చుకున్నాను.

ఇప్పుడు నావి కూడా అంటించుకునే బొట్లే. మైనం కావాలంటే అంగళ్లో నవ్వుతారు. అయినా ఇంట్లో ఏదైనా ఆగిపోతే, మిక్సీ కావచ్చు, కోడలితో మాటలే కావచ్చు, ఎవరు ముట్టారనే ప్రశ్న నోటిదాకా వచ్చేలోపల నా వేలు నుదుటి మీదికి పోతుంది. ముందు అక్కడ వెతుక్కుంటాను.